సూది ధర అడిగినందుకు

"పిల్లలు కావాలనుకునేవాళ్లు సూది ధర అడక్కూడదమ్మా."

ఐవీఎఫ్ మొదలుపెట్టిన రోజు మందుల కౌంటర్లో నాకు వచ్చిన జవాబు ఇది. నేనడిగింది ఇదే మందు వేరే కంపెనీది ఉందా అని, అంతే. సిగ్గుతో కార్డు తీసి ఇచ్చేశాను. రెండోసారి మాత్రం ప్రతి సూదికీ అడిగాను. అడిగితే ఎక్కడ తగ్గుతుందో, ఎక్కడ తగ్గించుకోకూడదో చెబుతాను.

మన ఆరోగ్య బీమా పాలసీల్లో సంతానలేమి చికిత్స సాధారణంగా మినహాయింపు. పాలసీ కాగితాల్లో ఎక్స్‌క్లూజన్ 17 దగ్గర చూసుకోండి. ఉద్యోగం ఇచ్చిన గ్రూప్ పాలసీ అయితే హెచ్‌ఆర్‌ని ఒకసారి అడగండి, కొన్నింట్లో కొంత ఇస్తారు. మిగతా అందరికీ చేతి డబ్బే.

ఖర్చంతా ఫాలికిల్స్‌ను (అండాశయంలో అండాలు ఎదిగే తిత్తుల్ని) పెంచే ఎఫ్‌ఎస్‌హెచ్ సూదుల దగ్గరే. పెన్ను (డోసు తిప్పుకుని పొడుచుకునే సూది) ధర చూసి ఏమీ తేలదు, యూనిట్‌కి ఎంత పడుతుందో లెక్కేయాలి. ల్యాబ్‌లో తయారుచేసే రీకాంబినెంట్ రకం 900 యూనిట్ల పెన్ను 18,000 అనుకుంటే యూనిట్ 20 రూపాయలు. మూత్రం నుంచి తీసే హెచ్‌ఎమ్‌జీ రకం 75 యూనిట్ల వయల్ (చిన్న సీసా) 1,200 అనుకుంటే 16. రోజుకు 225 చొప్పున పది రోజులకు 2,250 యూనిట్లు పడతాయి. ఆ నాలుగు రూపాయల తేడాయే తొమ్మిది వేలు. కాబట్టి మొదటి రోజే డాక్టర్‌ని అడగండి: "మేడమ్, రీకాంబినెంట్ బదులు హెచ్‌ఎమ్‌జీ నాకు సరిపోతుందా?" 2011లో కోక్రేన్ (వైద్య పరిశోధనల్ని సమీక్షించే సంస్థ) వాళ్లు 42 ట్రయల్స్ కలిపి చూస్తే, బిడ్డ పుట్టే అవకాశంలో రీకాంబినెంట్‌కీ, హెచ్‌ఎమ్‌జీ లాంటి మూత్రం నుంచి తీసే మందులకీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అయితే మారిస్తే మొదలుపెట్టకముందే, అదీ డాక్టర్ రాస్తేనే. మధ్యలో మీ అంతట మీరు మార్చొద్దు.

పది రోజుల మందూ ఒకేసారి కొనకండి. అయిదారు రోజులు వేశాక స్కాన్ చూసి డోసు మారుస్తారు. ఫ్రిజ్‌లో ఉంచే మందు ఒకసారి షాపు దాటితే వెనక్కి తీసుకోరు. నా మొదటి విడతలో సీలు విప్పని పెన్ను ఒకటి అలాగే మిగిలిపోయింది. పెన్నులో మందు డోసుకి చాలకపోతే పారేయకండి. ఉన్నది వేసుకున్నాక పెన్ను మీద డోసు చూపే కిటికీలో ఎంత అంకె మిగిలితే అంత కొత్త పెన్ను నుంచి వేసుకోవాలి. 75 మిగిలితే 75. తెరిచిన రోజు పెన్ను మీద రాసుకోండి, 28 రోజులు దాటితే వాడకూడదు.

ఆస్పత్రి షాపులోనే కొనాలన్న రూలు లేదు. మందులు ఎక్కడ కొనుక్కోవాలో ఎంచుకునే హక్కు మానవ హక్కుల కమిషన్ 2018లో తయారుచేసిన రోగుల హక్కుల పత్రంలోనే ఉంది. చీటీ మీద మందు అసలు పేరు, డోసు రాయించుకుని మూడు షాపులకు ఫోన్ చేయండి. మేం చివరికి కోఠిలో తీసుకున్నాం, ఎమ్మార్పీ మీద బాగానే తగ్గించారు. బ్యాచ్ నంబరుతో బిల్లు ఇవ్వకపోతే ఎంత తగ్గించినా వద్దు. తెచ్చేటప్పుడు ఐస్ జెల్ ప్యాక్‌కీ మందు డబ్బాకీ మధ్య తువ్వాలు పెట్టండి. గడ్డకట్టిన మందు పాడైనట్టే. ఇంట్లో ఫ్రిజ్ మధ్య అరలో పెట్టండి, డోర్‌లో వద్దు, వెనక గోడకు ఆనించొద్దు.

అండాలు పూర్తిగా పండటానికి చివర్లో వేసే ట్రిగ్గర్ సూది దగ్గర మాత్రం ధర చూడకండి. నాకు పీసీఓడీ, ఏఎమ్‌హెచ్ (అండాల నిల్వను చెప్పే హార్మోన్) ఎక్కువ, స్కాన్‌లో ఇరవై దాటి ఫాలికిల్స్. అలాంటి ఒంటికి ట్రిగ్గర్‌గా పదివేల యూనిట్ల హెచ్‌సీజీ ఇచ్చారు. ఎగ్ పికప్ (అండాలు బయటికి తీయడం) అయిన మూడో రాత్రి పొట్ట డప్పులా బిగిసింది. ఒక్క రోజులో రెండు కిలోలు పెరిగాను. పడుకుంటే ఊపిరి అందట్లేదు, గోడకు ఆనుకుని కూర్చున్నాను. ఫోన్ చేస్తే, "ఉబ్బరం మామూలే, మజ్జిగ తాగండి" అన్నారు. సాయంత్రం నుంచి నాకు మూత్రం రాలేదని మా ఆయనే గమనించి ఇంకో ఆస్పత్రికి తీసుకెళ్లారు. అండాశయాలు ఉబ్బి, రక్తనాళాల్లోంచి నీరు పొట్టలోకి దిగింది, అలాంటి ఒంటికి హెచ్‌సీజీ వల్ల వచ్చే ఓహెచ్‌ఎస్‌ఎస్ అన్నారు. పొట్టలో నీరు తీశారు. నేను తాగిన ప్రతి గ్లాసూ, వచ్చిన ప్రతి చుక్కా కొలత జగ్గుతో కొలిచి తెల్లవార్లూ రాసుకున్న నర్సమ్మను మరిచిపోలేను. మజ్జిగ తాగమన్న గొంతునూ మరిచిపోలేను. ఆ అయిదు రోజుల బిల్లు నా సూదుల ఖర్చును మించింది. రోజుకు కిలో దాటి బరువు పెరిగినా, మూత్రం తగ్గినా, ఆయాసం వచ్చినా ఫోన్లతో సరిపెట్టుకోకండి, వెళ్లిపోండి.

రెండో విడతలో ఆ కొత్త ఆస్పత్రి డాక్టరమ్మ ఎఫ్‌ఎస్‌హెచ్ డోసు 150 యూనిట్లకి తగ్గించారు. పిండాలన్నీ ఫ్రీజ్ చేద్దామన్నారు, గర్భం వస్తే ఓహెచ్‌ఎస్‌ఎస్ ముదురుతుందని. ఎలాగూ ఫ్రీజ్ చేస్తున్నాం కనుక, గుడ్డు ముందే విడుదల కాకుండా రోజూ పొడిచే సెట్రోరెలిక్స్ సూదుల బదులు మెడ్రాక్సీప్రొజెస్టిరాన్ 10 మిల్లీగ్రాముల మాత్ర చాలన్నారు. సూదితో పోలిస్తే దాని ఖర్చు లెక్కలోకే రాదు. అయితే అదే నెలలో పిండాన్ని గర్భసంచిలో పెట్టే ట్రాన్స్‌ఫర్ చేయించుకునేవాళ్లకు ఈ దారి కుదరదు, ఆ మాత్ర వల్ల గర్భసంచి పొర పిండానికి సిద్ధంగా ఉండదు. ట్రిగ్గర్‌గా హెచ్‌సీజీ బదులు ట్రిప్టోరెలిన్ 0.2 మిల్లీగ్రాములు ఇచ్చారు. ముందునుంచే ఇలాంటి మందుతోనే సొంత హార్మోన్లను అణిచి ఉంచే లాంగ్ ప్రోటోకాల్‌లో ఉన్నవాళ్లకు ఇది పనిచేయదు, కాబట్టి ప్రోటోకాల్ రాసేముందే అడగాలి. ఈసారి పొట్ట కొంచెం బరువెక్కిందంతే.

ఇంకా ఐవీఎఫ్ దాకా రాని పీసీఓడీ వాళ్లు ముందు లెట్రోజోల్ మాత్ర గురించి అడగండి. 2011లో సంతాన చికిత్సకు మన దేశంలో నిషేధించారు, 2017లో ఎత్తేశారు. అండం విడుదలకు ఇప్పుడు మొదట ఇచ్చేది అదే. ట్రాన్స్‌ఫర్ తర్వాత గర్భం నిలవడానికి వేసే ప్రొజెస్టిరాన్‌ను మాత్రం డబ్బు కోసం ఒక్క పూట కూడా మానొద్దు.

పాపకు తొమ్మిదో నెల. అత్తయ్యగారు తిరుమల మొక్కు తీర్చుకొచ్చారు, నేనూ వెంట వెళ్లాను. పొట్ట బిగిసిన ఆ రాత్రి నేను మొక్కుకున్నదీ ఆ స్వామికే.

మొదటి విడతలో మిగిలిన పెన్ను ఎక్స్‌పైరీ కాకముందు ఒకావిడ సగం ధరకు ఇమ్మని అడిగింది. ఆమె కష్టం నాకు తెలుసు. అయినా ఇవ్వలేదు. నేను ఆస్పత్రిలో ఉన్న ఆ అయిదు రోజుల్లో మా ఇంట్లో కరెంటు ఎంతసేపు పోయిందో చూసినవాళ్లు ఎవరూ లేరు.