సాయంత్రం మాత్ర

హెచ్‌ఐవీ ఉన్న ఖైదీ చనిపోతే "ఆ రోగంతో పోయాడు" అనేస్తారు. ఎక్కువమందిని తీసుకుపోయేది టీబీ. ఆ తర్వాత మెదడు పొరలకు పట్టే ఫంగస్, న్యుమోనియా, ఆగని విరేచనాలు. చాలాసార్లు వీటన్నిటికీ ముందు జరిగేది హెచ్‌ఐవీ మాత్రలు ఆగిపోవడం. నాకూ అలాగే మొదలైంది.

రిమాండుకు తీసుకెళ్ళిన రోజు నా గ్రీన్‌బుక్కూ (హెచ్‌ఐవీ మందుల వివరాలు రాసే పుస్తకం), మాత్రల డబ్బా విజయనగరంలో మా ఇంట్లో దేవుడి పటాల వెనకే ఉండిపోయాయి. జైల్లో "ఏమైనా జబ్బులున్నాయా" అని వరసలో అందరి ముందూ అడిగారు. లేవన్నాను. నలభయ్యో రోజున కాంపౌండరు చెవిలో చెప్పాను. సాయంత్రానికల్లా బ్యారక్ అంతటికీ తెలిసిపోయింది. మన సమ్మతి లేకుండా ఈ సంగతి ఎవరికీ చెప్పకూడదని 2018 సెప్టెంబరు 10 నుంచి చట్టం అమల్లో ఉంది.

అప్పటికే సాయంత్రాలు జ్వరం, రాత్రి చెమటలు, లుంగీ మొల దగ్గర వదులు. దగ్గు తక్కువే. హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళకు తెమడ పరీక్షలో టీబీ క్రిమి కనపడకపోవచ్చు, ఎక్స్‌రే మామూలుగానే ఉండొచ్చు. దగ్గు, జ్వరం, బరువు తగ్గడం, రాత్రి చెమట, వీటిలో ఏ ఒక్కటున్నా సీబీనాట్ అనే టీబీ పరీక్ష అడగాలి. రెండు గంటల్లో తేలిపోతుంది. నాకు ఎవరూ చేయించలేదు.

లాకప్ వేశాక తలుపు తెల్లారితేనే తీస్తారు. ఆ రాత్రి పడుకుంటే ఊపిరాడలేదు. లేచి కూర్చుంటే కుడి డొక్కలో పోటు. పలాస జీడి బట్టీల్లో పనిచేసి వేళ్ళ కొసలు నల్లబడిన పెద్దాయనొకరు సత్తు పళ్ళెంతో ఊచల మీద కొడుతూనే ఉన్నాడు. "బాబూ, గుంటడికి ఊపిరాడ్నేదు!" గార్డు వచ్చి నా మొహం మీద టార్చి వేశాడు. "ఆ రోగమున్నోడు ఎలాగూ పోతాడు. తెల్లారనీ" అని వెళ్ళిపోయాడు. ఆ మాట ఇప్పటికీ నన్ను నిద్రలోంచి లేపేస్తుంది. పెద్దాయన తన దుప్పటి మడిచి నా వీపుకి పెట్టి, తెల్లవార్లూ నన్ను నిటారుగా పట్టుకుని కూర్చున్నాడు.

ఆస్పత్రిలో ఊపిరితిత్తి చుట్టూ చేరిన లేత పసుపు నీరు లీటరు పైనే తీశారు. టీబీ అన్నారు. రెండు నెలలు నాలుగు మందులు, ఆపైన నాలుగు నెలలు మూడు మందులు. రోజూ.

తప్పు జరిగేది ఇక్కడే. టీబీ మందుల్లోని రిఫాంపిసిన్, హెచ్‌ఐవీ మాత్రలో ఉండే డోలుటెగ్రావిర్ బలాన్ని తగ్గించేస్తుంది. అందుకని ఏఆర్‌టీ మాత్ర, అంటే రోజువారీ హెచ్‌ఐవీ మాత్ర, వేసుకున్న పన్నెండు గంటలకు డోలుటెగ్రావిర్ 50 మిల్లీగ్రాములది విడిగా ఇంకొకటి వేసుకోవాలి. రిఫాంపిసిన్ ఆపాక కూడా రెండు వారాలు. జైల్లో "రోజుకొకటే కదా" అని నాకు వారం రోజులు అది ఇవ్వలేదు. ఏఆర్‌టీ సెంటర్ కౌన్సెలరమ్మ లాకప్ వేళ అడిగి మరీ, ఉదయం ఆరు, సాయంత్రం ఆరు అని ఎర్ర సిరాతో రాసిచ్చింది. ఆ తల్లికి దండం.

హెచ్‌ఐవీ మాత్రలు మళ్ళీ మొదలెట్టిన మూడో వారంలో మెడ కింద గడ్డలు లేచాయి, జ్వరం తిరగబెట్టింది. ఒంటికి శక్తి తిరిగొచ్చి క్రిమి మీద కలబడితే అలా అవుతుందట. మందు పడలేదనుకుని మానేయకండి, వెంటనే డాక్టరుకి చూపించండి.

అమ్మ పైడితల్లమ్మకు మొక్కుకుంది. సిరిమాను నాడు మొక్కు తీర్చింది. తల్లి దయ అంటుంది. నేనూ అదే నమ్ముతాను.

మీవాళ్ళెవరైనా లోపల ఉంటే ములాఖత్‌కి గ్రీన్‌బుక్ జిరాక్సు పట్టుకెళ్ళి జైలు డాక్టరు చేతికే ఇవ్వండి. విడుదల రోజు నెల మాత్రలూ బదిలీ చీటీ అడిగి తీసుకోండి. బెయిలు కాగితం సాయంత్రం వస్తే మాత్రలు లోపలే ఉండిపోతాయి. ఏం తోచకపోతే హెచ్‌ఐవీ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చేయండి, ఉచితం. ఒకరికి టీబీ అని తేలితే ఆ గదిలో అందరికీ పరీక్ష చేయాలి. మా గదిలో నేను రెండుసార్లు అడిగితే గానీ చేయలేదు. పెద్దాయనకు లేదని తేలాకే నాకు అన్నం సయించింది.

నేను బయటికొచ్చే రోజు ఆయన ఊచల దాకా వచ్చి, నా చేతి సంచీ వైపు చూశాడు.

"మాత్రలట్టుకున్నావేటి, నాయనా?"