రేగడి బురదలో ఎరువు బండి: చక్రం మళ్లీ పట్టేసింది

ఒంటి చక్రం బండి మళ్లీ మొరాయించింది. కోపం వచ్చింది కానీ, ఎక్కడ పట్టేస్తోందో ఇప్పుడు స్పష్టంగా తెలిసింది. తోలించిన పశువుల ఎరువు గేటు దగ్గరే కుప్పగా ఉంది. అక్కణ్ణుంచి మళ్లదాకా దాదాపు 40 మీటర్లు, అంతా నల్లరేగడి. ఐదు తట్టలు వేస్తే 60 కిలోల పైమాటే.

దిగబడటం మాత్రం దారికొచ్చింది. 4.00-8 సైజు టైరులో గాలి 30 నుంచి 18 పీఎస్‌ఐకి తగ్గిస్తే గాడి లోతు 7 సెంటీమీటర్ల నుంచి 4కి వచ్చింది. తోయకుండా వెనక్కి లాగితే ఇంకా తేలిక. వేసింది ఎంఆర్‌ఎఫ్ ఆటో టైరు, సైజు ఒకటే కాబట్టి చక్కగా కూర్చుంది. పంక్చర్ కాదని అమ్మే గట్టి రబ్బరు చక్రాలు రేగడికి వద్దే వద్దు, గాలి తగ్గించే వీలే ఉండదు.

వదలని పీడ మట్టి చుట్టుకోవడం. వాన వెలిసి నీళ్లు నిలిచున్నప్పుడు మట్టి పల్చగా జారిపోతుంది, బండి నడుస్తుంది. ఎండ కాసి నేల పదునుకొచ్చే వేళకే గొడవంతా. టైరుకీ ఫ్రేముకీ మధ్య పక్కల సందు 18 మిల్లీమీటర్లు, ముందు అడ్డపట్టీ దగ్గర 22. గాలి తగ్గించాక టైరు ఉబ్బి పక్క సందు 14కి పడింది. ఆరేడు మీటర్లు పోయేసరికి గడ్డిపోచలతో కలిసిన మట్టి ఆ సందులో కూరుకుపోతుంది. ఇక చక్రం తిరగదు, ఈడ్చుకుంటూ వస్తుంది. గీకి కాటా వేస్తే 4 కిలోలు!

అడ్డపట్టీ కోయించి 60 మిల్లీమీటర్ల ఎడంలో మళ్లీ వెల్డింగ్ చేయించాను. ఇరవై మీటర్లు నడిచి, ఈసారి పక్కల్లో పట్టేసింది. టైరుకు 3 మిల్లీమీటర్ల దూరంలో గీకే ఇనప పట్టీ బిగిస్తే, గడ్డి దానికే చిక్కి అదే బ్రేకయింది. చెంబుడు నీళ్లు పోస్తే కాసేపు అంటదు, నాలుగు బారలు పోగానే మళ్లీ మామూలే. కాలిన ఇంజినాయిల్ పూయమని సలహా వచ్చింది. కూరగాయల మళ్లలోకి దాన్ని రానివ్వను.

నా అనుమానం టైరు గీతల మీద. వాటిలో మొదట ఇరుక్కున్న బంకమట్టే మిగతాదాన్ని పట్టుకుంటోంది. అరిగిపోయిన నున్నటి టైరు ఒకటి దొరికితే ముందు అది వేసి చూస్తాను.

బాబాయ్ బండి చూసి, "ఎద్దుబండి చక్రం చుట్టూ ఏముంటుందిరా, మట్టి ఇరుక్కోడానికి?" అన్నాడు. నిజమే, మట్టి పట్టినా దానంతటదే రాలుతుంది. అందుకే పాత రిక్షా చక్రాలు రెండు, 28 అంగుళాలవి, బేరమాడుతున్నాను. ఇరుసుకు రెండు చివర్లా చక్రాలు, మధ్యలో తొట్టి, చక్రాల పైన ఏ పట్టీ ఉండదు. పెద్ద చక్రం గుంటల్ని సులువుగా దాటుతుంది. టైరు సన్నం కాబట్టి ఎక్కువ దిగుతుందేమోనని టెన్షన్ ఉంది, మెత్తటి చోట సెంట్రింగ్ చెక్కలు పరుస్తాను. మొత్తం వెడల్పు 80 సెంటీమీటర్లు దాటితే మళ్ల మధ్య దారి పట్టదు, ఆ లెక్కనే ఇరుసు కోయించాలి.