పాప కడుపులోని తిత్తి

మా పాపకు నాలుగో ఏట మొదలైన కడుపునొప్పిని రెండేళ్లపాటు మేము నులిపురుగుల నొప్పి అనే అనుకున్నాము. నెలకో రెండు నెలలకో ఒకసారి కుడి డొక్క పట్టుకుని ముడుచుకుని పడుకునేది, రెండు మూడు వాంతులయ్యేవి, మర్నాటికి లేచి ఆడుకునేది. ముమ్మిడివరం దగ్గర మా ఊళ్లో చూపించిన ప్రతిసారీ పురుగుల మందు ఇచ్చి పంపేవారు.

ఆరో ఏట, వరికోతల రోజుల్లో కళ్లు పచ్చబడ్డాయి. మా అత్తగారు నేల ఉసిరి పసరు తాగించారు. ఆవిడను తప్పుపట్టను, పచ్చకామెర్లంటే మా వైపు పెద్దలకు తెలిసిన వైద్యం అదే. అయితే మూత్రం చిక్కని పసుపు రంగులోనూ, మలం సున్నపు ముద్దలాగానూ రావడం చూసి నాకు భయం వేసింది. మలం తెల్లబడిందంటే పైత్యరసం పేగులోకి దిగడం లేదని అర్థమట. పిల్లల్లో ఈ గుర్తు కనిపిస్తే తల్లులు ఒక్కరోజు కూడా ఆగకూడదని నా ప్రార్థన.

కాకినాడలో తీయించిన అల్ట్రాసౌండ్ స్కాన్‌లో, కాలేయం నుంచి పైత్యరసాన్ని పేగుకు చేర్చే పిత్తనాళం నాలుగు సెంటీమీటర్ల వెడల్పున తిత్తిలా ఉబ్బి కనిపించింది. విశాఖపట్నంలో ఎమ్మార్‌సీపీ, అంటే ఆ నాళాలను చూపే ఎమ్మారై స్కాన్ చేసి, కోలెడోకల్ సిస్ట్, అంటే పిత్తనాళపు తిత్తి అని నిర్ధారించారు. క్లోమనాళమూ పిత్తనాళమూ పేగు గోడలో కలవవలసింది, పుట్టుకతోనే దానికి ఎగువన కలిసిపోతే, క్లోమరసం పిత్తనాళంలోకి ఎదురెక్కి దాని గోడను దెబ్బతీస్తుందని సర్జన్ గారు బొమ్మ గీసి చెప్పారు. వేసవిలో గోదావరి సన్నబడినప్పుడు పోటుకు ఉప్పునీరు మురుగు కాలువల్లోకి ఎగదన్ని చేలను చౌడు చేయడం చూసినవాళ్లం గనుక, ఆ మాట మాకు వెంటనే బోధపడింది. ఆడపిల్లల్లోనే ఈ జబ్బు మూడు నాలుగు రెట్లు ఎక్కువట. పూర్వం తిత్తిని అలాగే ఉంచి పేగుకు కలిపేవారని, మిగిలిన గోడలో పెద్దయ్యాక క్యాన్సర్ వచ్చే ప్రమాదం ఉందని తెలిశాక మొత్తంగా తీసివేస్తున్నారని కూడా ఆయన వివరించారు.

పొట్ట కోయకుండా, బొడ్డు దగ్గర ఒకటి, మరో మూడు చోట్ల అయిదేసి మిల్లీమీటర్ల రంధ్రాలు పెట్టి ఆపరేషన్ చేశారు. తిత్తినీ పిత్తాశయాన్నీ తీసివేసి, చిన్నపేగును ఒకచోట తెంచి, దాని కింది కొసను పైకి తెచ్చి కాలేయం నుంచి దిగే నాళానికి కుట్టారు. పేగును పేగుకు కలిపే పని మాత్రం బొడ్డు రంధ్రం గుండా దాన్ని వెలుపలికి లాగి చేశారట. అయిదున్నర గంటలు పట్టింది. మా వారు ఆసుపత్రి ఆవరణలో కూర్చోలేక నడుస్తూనే ఉన్నారు.

రెండో రోజున పాప పెదవులు తడిపే దూదిని నోటితో పట్టుకుని వదలలేదు. "అమ్మా, ఒక్క గుక్క" అని అడుగుతుంటే ఇవ్వలేకపోవడమే నాకు అన్నింటికన్నా కష్టమైంది. నాలుగో రోజున చెంచాతో నీళ్లు, తర్వాత జావ ఇచ్చారు. ఆపరేషన్ చేసినచోటి ద్రవాన్ని సీసాలోకి దింపే డ్రెయిన్ ట్యూబ్‌లో పైత్యరసం రంగు కనిపిస్తే కుట్టు దగ్గర కారుతున్నట్టని చెప్పడంతో, పూటపూటకీ ఆ సీసానే చూస్తూ గడిపాను. కనిపించలేదు. ఆరో రోజున ట్యూబ్ తీసి, ఎనిమిదో రోజున ఇంటికి పంపారు. తీసిన తిత్తిని పరీక్షించిన బయాప్సీలో చెడు ఏమీ లేదని కాగితం వచ్చింది.

ఇప్పటికి రెండేళ్లయింది. కుట్టు ఇరుకైనా, పేగు వైపు నుంచి సూక్ష్మజీవులు ఎగబాకినా చలిజ్వరంతో కామెర్లు మళ్లీ రావచ్చు గనుక ఆరు నెలలకోసారి లివర్ పరీక్ష, స్కాన్ చేయిస్తున్నాము. వచ్చే సంక్రాంతి వెళ్లగానే మళ్లీ వెళ్లాలి.