పూడుల్ పిల్ల పెద్దయ్యాక ఎంతవుతుంది?

మా పూడుల్ కుక్క కాటుకని చూసినవాళ్ళు తప్పకుండా అడిగే మాట, "ఇది ఇంకా పెరుగుతుందా అండీ?" పెరగదు. దానికిప్పుడు నాలుగేళ్ళు. మూపు దగ్గర 13 అంగుళాల ఎత్తు, ఆరు కిలోల లోపు బరువు. పిల్లని ఇంకా తెచ్చుకోనివాళ్ళకి మాత్రం ఇది పెద్ద ప్రశ్నే. రెండు నెలల వయసులో రెండు చేతుల్లో ఇమిడిపోయే ఆ ఉంగరాల జుట్టు ముద్ద రేపు ఒళ్ళో పడుకునేంతే ఉంటుందో, సోఫా అంతా ఆక్రమిస్తుందో ముందే తెలిస్తే బాగుండుననిపిస్తుంది. నేనూ అలాగే చాలా చదివాను, పూడుల్స్‌ని పెంచేవాళ్ళని విసిగించి మరీ అడిగాను. నాకు అర్థమైందేమిటంటే, పిల్లని చూసి చెప్పగలిగేది చాలా తక్కువ. తల్లినీ తండ్రినీ చూస్తే ఇంత నుంచి ఇంత దాకా అని ఓ అంచనాకి రావచ్చు. ఆ అంచనాలో పైఅంకె కూడా మీకు సమ్మతమైతేనే పిల్లని తెచ్చుకోండి.

ముందు రకాల పేర్ల సంగతి. కుక్కల జాతుల్ని నమోదుచేసే అమెరికన్ కెన్నెల్ క్లబ్ లెక్కలో పూడుల్ ఒకటే జాతి, సైజులు మూడు. 10 అంగుళాలు, ఆ లోపు అయితే టాయ్. 10 దాటి 15 దాకా మినియేచర్. 15 దాటితే స్టాండర్డ్. బరువులైతే టాయ్ రెండు మూడు కిలోలు, మినియేచర్ సుమారు 4.5 నుంచి 7 కిలోలు, స్టాండర్డ్ 18 నుంచి 32 కిలోల దాకా. కెన్నెల్ క్లబ్బుల అంతర్జాతీయ సమాఖ్య ఎఫ్‌సీఐ పద్ధతి పాటించే దేశాల్లో సైజులు నాలుగు. అక్కడ 35 నుంచి 45 సెంటీమీటర్ల వాటిని మీడియం అంటారు. 40 సెంటీమీటర్ల కుక్క ఒకచోట మీడియం, ఇంకోచోట స్టాండర్డ్ అన్నమాట. అందుకే బ్రీడర్ "మినియేచర్ అండీ" అనగానే తలూపి ఊరుకోకండి. ఎన్ని అంగుళాలు, ఎన్ని కిలోలు అని అడగండి.

'టీకప్' అనే సైజు మాత్రం ఈ రెండింట్లోనూ లేదు. అది అమ్మకానికి పెట్టుకున్న పేరు. ఈ విషయంలో నాకు గట్టి అభిప్రాయమే ఉంది. కాన్పులో అందరికన్నా బలహీనంగా పుట్టినవాటిని ఏరి, వాటినే మళ్ళీ జతకట్టించి అంత చిన్న కుక్కల్ని పుట్టిస్తుంటారు. అంత బుల్లి ఒంట్లో నిల్వ ఏముంటుంది? ఒక పూట తిండి తప్పితే చాలు, షుగర్ పడిపోయి తూలిపోతుంది. సోఫా మీంచి దూకినా కాలు విరగొచ్చు. చిన్న దవడలో పళ్ళు ఒకదానిమీదొకటి ఎక్కి వస్తాయి. "ఎప్పటికీ ఇంతే ఉంటుంది, గ్యారంటీ" అని ఎవరైనా అన్నారంటే, ఆ ఇంటి నుంచి పిల్లని తేవద్దు.

సైజు ఎక్కడినుంచి వస్తుందో తెలిస్తే అంచనా వేయడం తేలికవుతుంది. 1984లో టాయ్, మినియేచర్, స్టాండర్డ్ పూడుల్స్ రక్తాన్ని పరీక్షించి చూస్తే, కుక్క ఎంత పెద్దదైతే పెరుగుదలకి తోడ్పడే ఐజీఎఫ్-1 అనే హార్మోన్ అంత ఎక్కువగా కనిపించింది. 2007లో ఆ హార్మోన్‌ని తయారుచేసే జన్యువులో ఒక మార్పు చిన్న జాతుల్లో విరివిగా ఉందని తేలింది. అలాగని అంతా ఆ ఒక్క జన్యువు చేతిలోనే లేదు, ఇంకా చాలా ఉన్నాయి. పైగా పూడుల్స్‌లో పెద్ద సైజుల నుంచే చిన్నవాటిని తయారుచేశారు. తాతముత్తాతల్లో ఎవరో పెద్ద సైజు ఉంటే, ఇద్దరు టాయ్‌లకి పుట్టిన పిల్ల కూడా 10 అంగుళాలు దాటిపోవచ్చు. ఒకే కాన్పులో అక్క 11 అంగుళాల దగ్గర ఆగి, తమ్ముడు 14 దాకా వెళ్ళడం వింతేమీ కాదు.

కాటుకని చూడ్డానికి వెళ్ళినప్పుడు బ్యాగులో టేపూ, ఒక అట్టపుస్తకమూ పెట్టుకెళ్ళాను. తల్లి కుక్క గుమ్మం దగ్గరే ఎదురొచ్చింది. ఒత్తుగా పెంచిన బొచ్చుతో చూడ్డానికి పదిహేను అంగుళాలకి తక్కువ లేదు. "కొలుస్తానండీ" అంటే ఆ బ్రీడరమ్మ మహా సంతోషంగా దాన్ని గోడ పక్కన నిలబెట్టింది. నాలుగు కాళ్ళూ తిన్నగా, గచ్చు మీద, తివాచీ మీద కాదు. మెడ వచ్చి వీపులో కలిసేచోట వేళ్ళతో తడిమితే రెండు భుజం ఎముకల పైకొసలు తగిలాయి. అదే మూపు. బొచ్చు బాగా అణిచి, పుస్తకం దానిమీద అడ్డంగా ఆనించి, గోడకి తగిలినచోట పెన్సిల్‌తో గీత పెట్టాం. కొలిస్తే 12 అంగుళాలు! మూడంగుళాలు వట్టి బొచ్చే. పూడుల్ సైజుని కంటితో అంచనా వేయొద్దని అందరికీ చెప్పేది ఇందుకే.

తండ్రి వేరే ఇంట్లో ఉంది. పక్కన టేపు పెట్టి తీసిన ఫోటో తెప్పించారు, పదమూడున్నర. అన్నిటికన్నా ఉపయోగపడింది మాత్రం ఇంకొకటి. అదే జంటకి ముందు కాన్పులో పుట్టినవి అప్పటికే పెద్దవయ్యాయి. వాటిని పెంచుకుంటున్నవాళ్ళతో ఫోన్లో మాట్లాడితే అన్నీ 12, 14 మధ్యే అన్నారు. దాంతో నా టెన్షన్ సగం తగ్గిపోయింది.

పాదాలు పెద్దవైతే కుక్క పెద్దదవుతుందని చాలామంది నమ్ముతారు. పూడుల్ పాదం మీద బొచ్చుంటుంది, దాన్ని చూసి ఏం చెప్తాం? ఎనిమిది వారాల బరువు కూడా అంతంత మాత్రమే. పాలు ఎక్కువ దొరికిన పిల్ల ఆ వయసులో బొద్దుగా ఉంటుంది, తర్వాత మిగతావి అందుకుంటాయి. అందుకే పిల్లల్లోంచి ఒకదాన్ని ఎంచుకునేటప్పుడు సైజు సంగతి పక్కనపెట్టి స్వభావం చూశాను. తాళంచెవుల గుత్తి కింద పడేస్తే ఒకటి పెట్టె వెనక్కి పరిగెత్తి రానంది. కాటుక ఉలిక్కిపడి, ఆగి, మెల్లగా వచ్చి వాసన చూసింది. దాన్నే ఎత్తుకున్నాను. కళ్ళకి చూపు పోయే పీఆర్ఏ జబ్బు కోసం తల్లిదండ్రులకి చేసిన డీఎన్ఏ పరీక్ష, మోకాలి చిప్పల పరీక్ష కాగితాలు అప్పటికే చూశాను. స్టాండర్డ్ అయితే తుంటి ఎక్స్‌రేలు కూడా అడగాలి.

ఇంటికొచ్చాక వారం వారం తూచి రాసుకోండి. పెంపకందార్లు వాడే మోటు లెక్క ఒకటుంది. టాయ్‌కి 12 వారాల బరువు, మినియేచర్‌కి 16 వారాల బరువు రెట్టింపు చేస్తే పెద్దయ్యాక ఉండే బరువుకి దగ్గరగా వస్తుంది. కాటుక 16 వారాలకి 2.9 కిలోలు, ఇప్పుడు 5.7. అన్నిటికీ ఇంత బాగా కలవదు, కిలో అటూ ఇటూ అనుకోవాలి. స్టాండర్డ్‌కి మాత్రం అంత చిన్న వయసులో ఈ లెక్క పనికిరాదు, అది చాలాకాలం పెరుగుతూనే ఉంటుంది. చిన్న సైజులు ఏడాది లోపే పూర్తి ఎత్తుకి వస్తాయి. స్టాండర్డ్ ఏడాది దాటాక కూడా పెరిగి, ఛాతీ నిండి కండపట్టేసరికి రెండేళ్ళు పడుతుంది.

పిల్లలు పుట్టకుండా చేయించే ఆపరేషన్ కూడా ఎత్తు మీద కొంత ప్రభావం చూపిస్తుంది. ఎముకల చివర, పెరుగుదల జరిగేచోట ఉండే గ్రోత్ ప్లేట్లు మూసుకోవడానికి లైంగిక హార్మోన్లు కావాలి. మరీ చిన్నప్పుడే ఆపరేషన్ చేయిస్తే అవి ఆలస్యంగా మూసుకుని కాళ్ళు ఇంకొంచెం పొడుగవుతాయి. స్టాండర్డ్ పిల్లని తెచ్చుకున్నవాళ్ళు ఏ వయసులో చేయించాలో మొదటి టీకాకి వెళ్ళినప్పుడే డాక్టరుని అడిగేయండి. కుక్కకి వేసే బెల్టు మాత్రం ఎత్తు ఆగేదాకా ఖరీదైనది కొనకండి.