నీ వేలికి ఇక్కడ పనేమిటి?

"నీ వేలికి ఇక్కడ పనేమిటి? మీటరు లేదా?" అన్నాడు ఇంజనీరు. ఈజిప్టు మనిషి. ముహందిస్ అని పిలుస్తాం. మామూలుగా గొంతు పెంచేవాడు కాదు. మట్టి లేకుండా సంచుల్లో కూరగాయలు పండించే కువైట్ తోట మాది. కీరదోస వరసలో ఒక సంచి కోతలోకి వేలు దూర్చి తడి పదును చూస్తూ ఆయన కంటపడ్డాను. పక్కనున్న బంగ్లాదేశ్ కుర్రాళ్లు ముసిముసిగా నవ్వారు. ఆ మాట నాకు ఇంకా అరగలేదు.

మాది కోనసీమ. మా నాన్న పిడికెడు మన్ను తీసి నొక్కి చూసి, అరక ఇవాళ కట్టాలో రెండు రోజులు ఆగాలో చెప్పేవాడు. 2011లో గిట్టుబాటు కావడం లేదని మా వైపు రైతులు పంట విరామం ప్రకటించారు. కాలువలో గోదావరి నీళ్లు పారుతుండగానే చేలు బీడు పెట్టుకున్నారు. ఆ తర్వాతే నేను కువైట్ విమానం ఎక్కాను. ఎక్కి వచ్చింది మళ్లీ వ్యవసాయానికే అంటే మా ఊళ్లో ఇప్పటికీ నవ్వుతారు.

నేనుండే వఫ్రా కువైట్‌కు దక్షిణం కొసన, సౌదీ సరిహద్దు దగ్గర. ఇది నది లేని దేశం. ఏడాదంతా కలిపితే పది, పన్నెండు సెంటీమీటర్ల వాన. బోరు వేస్తే పడేది ఉప్పునీరు. దాన్ని ఆర్వో ప్లాంటులో శుద్ధి చేసి, ఎరువులు కలిపి, డ్రిప్పర్ల ద్వారా ఒక్కో మొక్క మొదట్లో బొట్లుబొట్లుగా వదులుతాం. మట్టి అన్న మాటే లేదు. వేళ్లు పట్టుకోవడానికి మాత్రం ఏదో ఒకటి కావాలి కదా. మా తోటలో పెర్లైట్, రాక్‌వుల్, కొబ్బరి పొట్టు మూడూ వాడుతున్నారు. ముహందిస్ మాట న్యాయమా కాదా అని మూడింటి దగ్గరా విడివిడిగా తేల్చుకోవలసి వచ్చింది.

పెర్లైట్ దగ్గర ఆయనదే గెలుపు. అగ్నిపర్వతపు గాజురాయిని దాదాపు 900 డిగ్రీల వేడిలో పెడితే పేలాల్లా పొంగి తెల్లబడుతుంది. పైన గింజలు గరగరలాడుతూ పొడిగా ఉంటాయి, అడుగున నీళ్లుంటాయి. వేలికి ఏం తెలుస్తుంది? మోటారు ఆగిన రోజున మధ్యాహ్నానికల్లా ఆకులు వేలాడేసినప్పుడు తెలుస్తుంది, అప్పటికి తెలిసీ లాభం లేదు.

రాక్‌వుల్ మీద కూరగాయలు పండించడం డెన్మార్క్‌లో మొదలైంది. బసాల్ట్ రాతిని 1500 డిగ్రీల పైన కరిగించి, దారాలు తీసి, పలకలుగా నొక్కుతారు. కొత్త పలక పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) ఏడు దాటి ఉంటుంది కాబట్టి 5.5కు సరిచేసిన నీళ్లలో నానబెట్టాకే నారు పెడతాం. అది తనంతట మొక్కకు ఏమీ ఇవ్వదు, పోసినదాంట్లో దాచుకోదు. ఇంజనీర్లకు అదంటే అందుకే అంత ప్రేమ. పంట తీసేశాక షెడ్డు వెనక పడి ఉన్న పలకల గుట్ట చూస్తే నాకు మాత్రం మనసొప్పదు. ఎన్నేళ్లున్నా కుళ్లదు, చివరికి ఎరువైనా కాదు.

ఇక కొబ్బరి పొట్టు. తమిళనాడులోని పొల్లాచ్చి నుంచి ఐదేసి కిలోల దిమ్మలుగా వస్తుంది. తొట్టిలో వేసి నీళ్లు పోస్తే చూస్తుండగానే అంచులు విచ్చి, పొరలుపొరలుగా ఊడి, డెబ్బై లీటర్ల దాకా పొంగుతుంది. ఆ వాసన మా కోనసీమలో అంబాజీపేట దారిలో పీచు మిల్లు పక్కన వాన పడ్డప్పటి వాసనే. మా ఇంట్లో కొబ్బరి డొక్కలు పొయ్యిలోకి పోయేవి, మిల్లు పొట్టు రోడ్డు పక్కన గుట్టలుగా పడి ఉండేది. దానికి ఇక్కడ దినార్లు పోస్తున్నారు.

అలాగని నేరుగా వాడలేం. పొట్టు సోడియం, పొటాషియం పట్టుకుని ఉంటుంది. క్యాల్షియం నైట్రేట్ నీళ్లలో రాత్రంతా నానబెడితే క్యాల్షియం ఆ చోటు ఆక్రమించి వాటిని బయటికి నెడుతుంది. మర్నాడు కడిగేస్తాం. ఈ పని చేయకపోతే మొక్కకని పోసిన క్యాల్షియాన్ని పొట్టే మింగేస్తుంది.

పదును చూడటానికి మాత్రం దీన్ని మించింది లేదు. పిడికిట నొక్కితే వేళ్ల సందుల్లోంచి రెండు చుక్కలు దిగాలి, అంతే. పైగా మీటరు పెట్టేది వరస చివర ఒక్క సంచి దగ్గర. మధ్యలో డ్రిప్పరు మూసుకుపోయి ఎండుతున్న సంచి దానికెలా తెలుస్తుంది? చెయ్యి పెట్టుకుంటూ నడిచేవాడికి దొరుకుతుంది. ఆ రోజు నేను వెతుకుతున్నదీ దాన్నే. చెప్పబోతే వినకుండా వెళ్లిపోయాడు, నా కోపమంతా అక్కడే.

కానీ ఉప్పు సంగతి వేరు. నీళ్లలో కరిగిన ఉప్పుల మోతాదును మీటరు ఈసీ అనే అంకెలో చూపిస్తుంది. 2.2 ఈసీతో మేం వదిలిన నీళ్లు సంచి అడుగు నుంచి కారేసరికి ఒక్కోసారి నాలుగు చూపిస్తాయి. మొక్క నీళ్లు తాగి ఉప్పు వదిలేస్తోందన్నమాట. సంచి చేతికి చల్లగా, చక్కటి పదునుతో తగులుతుంది, ఆకు అంచులేమో మాడుతుంటాయి. పోసినదాంట్లో నాలుగో వంతు కారిపోయేలా నీళ్లు పెంచితే గాని దారికి రాదు. మా నాన్న వేలు కూడా దీన్ని పట్టలేదు. గోదావరి నీళ్లతో ఆయనకు ఆ అవసరమూ రాలేదు. సముద్రం ఒడ్డు ఊళ్లవాళ్లకు తెలుసు ఉప్పు కష్టం, మాది కాస్త ఎగువన.

నాన్నతో మరో గొడవ. "మట్టి తగలని కాయకు రుచెక్కడిదిరా?" అంటాడు. ముహందిస్ ఎదుట నాన్న పక్షం వహించేవాణ్ని నాన్న దగ్గర ముహందిస్ పక్షం మాట్లాడతాను. ఈసీ కాస్త పెంచితే టమాటా కాయ చిన్నదైనా తీపెక్కుతుంది నాన్నా అంటే, "ఉప్పు పోసి తీపి తెస్తారా!" అని ఫోను అమ్మకిచ్చేస్తాడు.

మా బావమరిదిది ఇంకో దారి. "మన దొడ్లో ఇదే పెడదాం బావా" అని ఒకటే పోరు. వద్దంటున్నాను. కరెంటు పోయి మోటారు ఆగితే తోట ఆ పూటకే పోతుంది. పాలీహౌసుకూ ఫ్యాన్లకూ పెట్టిన ఖర్చుకు కీరదోస ధర ఏ మూలకూ చాలదు. కాలువ నీళ్లు, ఒండ్రు మట్టి ఉన్నచోట ఎడారి ఖర్చు నెత్తికెత్తుకోవడం ఎందుకు? నారు అయితే సరే. కడియం నర్సరీల వాళ్లలా ట్రేలలో పొట్టు నింపి పెంచితే వేరు తెగకుండా మొక్క ఊడి వస్తుంది. పొట్టు అంబాజీపేటలోనే దొరుకుతుంది, పొల్లాచ్చి దాకా పోనక్కర్లేదు. కడగడం మాత్రం మానవద్దని చెప్పాను.