విడ్జెట్‌లో కనిపించే పట్టికను కోడ్‌లోకి తెచ్చుకోవడం: నా అనుభవం

మా అపార్ట్‌మెంట్ బెంగళూరులో వైట్‌ఫీల్డ్ వైపు. కావేరీ నీళ్లు అంతంతమాత్రం, ఎండాకాలమంతా ట్యాంకర్లే దిక్కు. ఏ రోజు ఏ సప్లయర్ ఎన్ని లీటర్లు పోశాడో, ఎంత తీసుకున్నాడో సెక్యూరిటీ రిజిస్టర్ నుంచి మా ట్రెజరర్ గారు ఎక్సెల్‌లోకి ఎక్కించారు. 2024 మార్చిలో జిల్లా యంత్రాంగం 5 కిలోమీటర్ల లోపు 12,000 లీటర్ల ట్యాంకర్‌కు 1,000 రూపాయలు, జీఎస్‌టీ అదనం అని రేటు కట్టింది కదా, అంతకు మించి ఎవరెవరు వసూలు చేశారో కావాలట. "ఎక్కువ తీసుకున్నోళ్ల లిస్టు ఒక్కటి తీసివ్వవయ్యా, మీటింగ్‌లో పెడతాను" అన్నారు, నెల్లూరు యాసలో.

పైథాన్ కోడ్‌ను సెల్స్ అనే ముక్కలుగా రాసి నడిపే జూపిటర్ నోట్‌బుక్‌లో, ఐపీవైవిడ్జెట్స్ లైబ్రరీలోని ఇంటరాక్ట్‌తో మొదలుపెట్టాను. డ్రాప్‌డౌన్, స్లయిడర్ లాంటి తెర మీది మీటలనే విడ్జెట్లంటారు. సప్లయర్‌కు డ్రాప్‌డౌన్, రేటుకు స్లయిడర్, లోపల పట్టికలతో పనిచేసే పాండాస్ లైబ్రరీతో రెండు లైన్ల ఫిల్టర్. స్లయిడర్ జరిపితే కింద పట్టిక చకచకా మారిపోతోంది, బాగానే ఉంది, కానీ దాన్ని ఒక వేరియబుల్‌లో పట్టుకుని ఎక్సెల్‌గా రాయమంటే ఫంక్షన్‌కు అలాంటిదేమీ లేదని ఎర్రర్. ఎందుకంటే ఇంటరాక్ట్ మన చేతికిచ్చేది పట్టికను కాదు, మనం రాసిన ఫంక్షన్‌నే. మనం రిటర్న్ చేసిన పట్టికను తెర మీద వేసి ఊరుకుంటుంది. ఆఫీసులో పక్క సీటు గుంటూరబ్బాయి "గ్లోబల్ పెట్టెయ్ అన్నా, అయిపోద్ది" అన్నాడు, అంటే పట్టికను ఫంక్షన్ బయట కూడా కనిపించే వేరియబుల్‌లో పెట్టమని. అవుతుంది, కాదనను. నాలుగు సెల్స్ కిందకి పోయాక ఆ పేరులో ఏ పట్టిక కూర్చుందో ఎవరికి గుర్తుంటుంది?

ఇంటరాక్ట్ బదులు అదే లైబ్రరీలోని ఇంటరాక్టివ్ వాడితే విడ్జెటే చేతికొస్తుంది. దానికి రిజల్ట్ అని ఒక యాట్రిబ్యూట్ ఉంటుంది, మన ఫంక్షన్ ఆఖరుసారి ఏం రిటర్న్ చేసిందో అందులో దొరుకుతుంది. ఒక మెలిక ఏమిటంటే ఇది పట్టికను తనంతట తాను చూపించదు, ఫంక్షన్ లోపలే డిస్‌ప్లే రాసుకోవాలి.

అసలు టెన్షన్ అన్ని సెల్స్‌నూ ఒకేసారి నడిపే రన్ ఆల్ కొట్టినప్పుడు. కర్నెల్, అంటే వెనకాల కోడ్ నడిపే ప్రోగ్రామ్, సెల్స్‌ను వరసగా నడుపుకుంటూ పోతుంది, మనం డ్రాప్‌డౌన్ మార్చామన్న కబురు అవన్నీ అయ్యేదాకా వెనకాల క్యూలో నిలబడాల్సిందే. కింది సెల్‌లో రిజల్ట్ చదివితే వచ్చేది మనం ఎంచుకున్నది కాదు, డిఫాల్ట్ విలువల పట్టిక. మధ్యలో కాసేపు ఆగమని స్లీప్ పెట్టి చూద్దామనుకునేరు, కర్నెలే నిద్రపోతే ఆ కబురు వినేదెవరు?

అందుకే ఫిల్టర్‌ను, చూపించడాన్ని విడదీశాను. విడ్జెట్లు విడిగా చేసుకున్నాను: సప్లయర్లకు ఒకేసారి చాలామందిని ఎంచుకునే సెలెక్ట్‌మల్టిపుల్, రేటుకు కింది హద్దు, పై హద్దు రెండూ ఉండే ఇంట్‌రేంజ్‌స్లయిడర్. వాటి విలువలు చదివి, ఫిల్టర్ చేసిన డేటాఫ్రేమ్ (పాండాస్‌లో పట్టిక) రిటర్న్ చేసే మామూలు ఫంక్షన్ ఒకటి. పట్టిక ఎప్పుడు కావాలంటే అప్పుడు దాన్ని పిలుస్తాను, అంతే. రెండు విడ్జెట్ల విలువలూ టపుల్‌గానే, అంటే విలువల వరసగానే వస్తాయి, మొదటిదాన్ని ఈ జాబితాలో ఉందా అని చూసే పాండాస్ ఈజ్‌ఇన్‌కు, రెండోదాన్ని విప్పి ఈ హద్దుల మధ్య ఉందా అని చూసే బిట్వీన్‌కు ఇవ్వొచ్చు. సప్లయర్లలో ఏదీ ఎంచకపోతే టపుల్ ఖాళీగా వచ్చి పట్టిక కూడా ఖాళీ అయిపోతుంది, కాబట్టి ఖాళీ అంటే అందరూ అని ఒక షరతు రాశాను. స్లయిడర్‌కు కంటిన్యువస్ అప్‌డేట్ ఆపేస్తే, లాగుతున్నంతసేపూ కాకుండా చెయ్యి వదిలాకే ఫిల్టర్ నడుస్తుంది.

చివర ఒక సేవ్ బటన్. దాని ఆన్‌క్లిక్‌లో, అంటే నొక్కగానే నడిచే ఫంక్షన్‌లో, ఏం రిటర్న్ చేసినా గాలికి పోతుంది, ఫైల్ రాయడం అక్కడే జరిగిపోవాలి. ఎన్ని వరుసలు వచ్చాయో ప్రింట్ చెయ్యాలన్నా ప్రింట్ అయినదాన్ని పట్టి చూపించే అవుట్‌పుట్ విడ్జెట్ లోపల చెయ్యండి, లేకపోతే నోట్‌బుక్‌లు తెరిచే జూపిటర్‌ల్యాబ్‌లో ఆ లైను సెల్ కింద కాకుండా లాగ్‌లోకి పోతుంది.

కాలమ్ హెడర్ మీదే ఫిల్టర్ కొట్టే అలవాటున్నవాళ్లకు ఐపీవైడేటాగ్రిడ్ అనే పట్టిక విడ్జెట్ ఉంది, గెట్ విజిబుల్ డేటా అని పిలిస్తే కళ్లముందున్న వరుసలే డేటాఫ్రేమ్‌గా ఇస్తుంది. నా పనికి ఉన్నవి రెండు విడ్జెట్లే కాబట్టి అంతదూరం పోలేదు.