గట్టు మీద నుంచి చూసి చెప్పడం

మొన్న మీటింగ్‌లో మా ప్రొఫెసర్ నా పేపర్ డ్రాఫ్ట్ స్క్రీన్ మీద పెట్టి, "ఇక్కడ బంకమట్టి ఉంది" అన్న వాక్యం దగ్గర ఆగి, అందరి ముందే "నువ్వు దిగి చూశావా?" అని అడిగారు. కోపంగా కూడా అనలేదు ఆవిడ, కానీ అప్పట్నుంచీ నాకు అదే తిరుగుతోంది.

మార్స్ మీద ఎవరు దిగారండీ, నేను దిగడానికి? ఇక్కడ అరిజోనాలో కూర్చుని మేం చేసేదే దూరం నుంచి చూడటం. 2006లో మార్స్ చేరి దాని చుట్టూ తిరుగుతున్న రికనైసెన్స్ ఆర్బిటర్ అనే నౌక మీద క్రిజమ్ అని ఒక పరికరం ఉండేది, నేల మీద పడి తిరిగొచ్చే ఎండని తరంగదైర్ఘ్యాల వారీగా 544 ముక్కలుగా విడగొట్టి కొలిచేది. ఆ కొలతలతో గీసిన గ్రాఫ్‌లో 1.9 మైక్రాన్ల తరంగదైర్ఘ్యం దగ్గర వెలుగు తగ్గి గుంట పడితే ఖనిజంలో నీళ్ళున్నట్టు, దాంతోపాటు 2.3 దగ్గర కూడా పడితే ఇనుమో మెగ్నీషియమో ఉన్న స్మెక్టైట్, అంటే తడిస్తే ఉబ్బి ఎండితే కుంచించుకుపోయే బంకమట్టి. మా పల్నాడు నల్లరేగడి ఎండాకాలం కాలు దిగేంత బీటలు తీసేది కూడా ఈ స్మెక్టైట్ జాతి మట్టి వల్లే. మా నాన్న గట్టు మీద నిలబడి పక్కూరి చేలు చూసి ఇది రేగడి, అది చవుడు అని చెప్పేసేవాడు, ఎవరూ దిగి చూశావా అని అడగలేదు.

ఇక్కడ మాత్రం "ఉంది" కొట్టేయించి "కావచ్చు" అని రాయించారు. మన దగ్గర తెలిసినవాడు నీళ్ళు నమిలితే తెలియనివాడి కిందే లెక్క కదా, అందుకే ఇక్కడి ఈ పద్ధతి మొదట్నుంచీ నాకు చిరాకు. పైనుంచి చెప్పింది నిజం కాలేదా? మార్స్ మీది మెరిడియాని మైదానంలో హెమటైట్ అనే ఇనుప ఖనిజం ఉందని మార్స్ గ్లోబల్ సర్వేయర్ అనే నౌక పైనుంచి చెబితేనే 2004లో ఆపర్చునిటీ రోవర్‌ని అక్కడ దింపారు, దిగి చూస్తే నేలంతా హెమటైట్ గుళికలే. ఈ మాట మీటింగ్‌లోనే అన్నాను.

దానికి ఆవిడ 2015 సంగతి తీశారు. మార్స్ కొండవాలుల మీది నల్లచారల్లో నీళ్ళు పట్టిన ఉప్పులు దొరికాయని అప్పుడు ప్రపంచమంతా వార్తలొచ్చాయి, 2018లో ఇంకో బృందం క్రిజమ్ డేటాని మళ్ళీ తవ్వి, అలాంటి గుంటలు కొన్ని డేటా శుభ్రం చేసే ప్రాసెసింగ్‌లోనే పుడతాయని చూపించింది. అంటే నేలలో లేని గుంట కంప్యూటర్‌లో పడింది. దీనికి నా దగ్గర జవాబు లేదు. పైగా మాకు కనపడేది వెంట్రుక మందం పైపొర, దాని మీద ధూళి కప్పితే కింద ఏమున్నా తెలీదు. నాన్న ఆ చేలో దిగకపోయినా అలాంటి చేలల్లో ఏళ్ళ తరబడి దున్నాడు, మాకు ఆ అనుభవం బదులు ల్యాబ్‌లో భూమి మట్టితో కొలిచిపెట్టిన గ్రాఫులున్నాయి. అయినా నా పిక్సెల్స్ వేరే రోజు తీసిన ఇమేజ్‌లో కూడా అదే గుంట చూపిస్తున్నాయి, అందుకే నాకింకా "ఉంది" అనే రాయాలనిపిస్తోంది.

ఆదివారం ఫోన్‌లో నాన్న "ఆ నేల్లో ఏవన్నా పండుద్దా?" అన్నాడు. దానికి మాత్రం తడుముకోకుండా చెప్పాను: ఉన్నపళంగా ఏదీ పండదు నాన్నా, 2008లో ఫీనిక్స్ ల్యాండర్ మార్స్ మీదే దిగి మట్టిని నీళ్ళలో కలిపి చూసింది, దాన్లో మొక్కలకి పడని పెర్‌క్లోరేట్ అనే ఉప్పు ఉంది.